ఫోన్ పోయిన రోజున మళ్లీ లోపలికి వెళ్లే దారి

కొత్త ఫోన్ తెచ్చుకుని జీమెయిల్ తెరుస్తారు. పాస్‌వర్డ్ గుర్తుంది, కొట్టారు. “మీ ఇంకో ఫోన్‌కి నోటిఫికేషన్ పంపాం, అవును అని నొక్కండి” అంటుంది. ఆ ఇంకో ఫోన్ నిన్న సాయంత్రం సిటీ బస్సులో పోయింది. వేరే దారి చూపమంటే నంబర్‌కి ఓటీపీ పంపుతానంటుంది. ఆ సిమ్ కూడా పోయిన ఫోన్‌లోనే ఉంది. డూప్లికేట్ సిమ్ తెచ్చుకున్నా మొదటి 24 గంటలు దానికి ఎస్ఎంఎస్‌లు రావు. మిగిలింది రికవరీ ఈమెయిల్. దాని పాస్‌వర్డ్ ఎక్కడుంది? ఇప్పుడు తెరవలేకపోతున్న ఇదే గూగుల్ ఖాతాలో. తాళంచెవి ఇంట్లోనే ఉంచి తలుపు లాగేసుకున్నట్టయింది.

దొంగను ఆపే ప్రతి తాళమూ ఏదో ఒక రోజు మిమ్మల్నీ ఆపుతుంది. అందుకని తాళం పెట్టేటప్పుడే దాని రెండో చెవి ఫోన్ బయట ఎక్కడుండాలో కూడా తేల్చుకోవాలి. ఈ ఏర్పాటుకి ఒక మధ్యాహ్నం సరిపోతుంది. కావలసినవి: ఫోన్, ఇంట్లో ఇంకొకరి ఫోన్ లేదా ల్యాప్‌టాప్, రెండు తెల్ల కాగితాలు, బాల్ పెన్ను. జెల్ పెన్ను వద్దు, నీళ్లు పడితే అంకెలు అలుక్కుపోతాయి.

ముందు బొమ్మ గీయండి

కాగితం మీద ఐదు పేర్లు రాయండి: జీమెయిల్ లేదా యాపిల్ ఖాతా, మొబైల్ నంబర్, బ్యాంకు-యూపీఐ, వాట్సాప్, పాస్‌వర్డ్‌లు దాచుకున్న చోటు. ఒక్కోదాని దగ్గర ఆగి “ఇది కొత్త ఫోన్‌లో తెరవాలంటే ఏం కావాలి?” అని అడుగుతూ బాణాలు గీయండి. బాణాలన్నీ తిరిగి తిరిగి ఫోన్ దగ్గరికో, ఒకదాని దగ్గరికి ఒకటో వచ్చి చేరితే, మీరు ఆ బస్సు కథకి సిద్ధంగా ఉన్నట్టే. జీమెయిల్‌కి కనీసం రెండు బాణాలు ఫోన్ బయటికి పోవాలి. మిగతా నాలుగింటికి ఒక్కోటి చాలు.

గీసేటప్పుడు రెండు పాత తప్పులు తరచూ బయటపడతాయి. ఒకటి, ఎప్పుడో వదిలేసిన నంబర్ ఇంకా రికవరీ నంబర్‌గా ఉండటం. వాడకం ఆగిన నంబర్‌ని కంపెనీలు 90 రోజులు ఆగి వేరొకరికి ఇచ్చేస్తాయి. అంటే మీ ఖాతా ఓటీపీ ముక్కూమొహం తెలియని మనిషికి వెళ్తుంది. రెండోది, ఇంజినీరింగ్ రోజుల్లో తెరిచి మళ్లీ ముట్టుకోని రికవరీ ఈమెయిల్. రెండేళ్లుగా లాగిన్ లేని ఖాతాలను తొలగించే విధానం గూగుల్ 2023 డిసెంబర్ నుంచి అమలు చేస్తోంది. ఆ ఈమెయిల్ ఇంకా బతికుందో లేదో ఇప్పుడే తెరిచి చూడండి.

సిమ్ దగ్గర మొదలుపెట్టాలి

పర్సు ఎందుకులే అని ఫోన్ వెనక కవర్లో డెబిట్ కార్డు దోపుకోవడం చాలామందికి అలవాటు. దొంగకి ఇంతకంటే సుఖం లేదు. మీ స్క్రీన్ లాక్ ఎంత గట్టిదైనా అతనికి దానితో పనే పడదు. సిమ్ తీసి తన ఫోన్‌లో వేసుకుంటే మీ ఓటీపీలు అక్కడికే వస్తాయి. యూపీఐ రిజిస్ట్రేషన్ జరిగేది ఆ సిమ్ నుంచి వెళ్లే ఎస్ఎంఎస్ ఆధారంగానే. యూపీఐ పిన్ మార్చడానికి కార్డు చివరి ఆరు అంకెలు, గడువు తేదీ, ఓటీపీ అడుగుతారు. మొదటి రెండూ కార్డు మీదే అచ్చయి ఉన్నాయి. కొన్ని బ్యాంకులు ఏటీఎం పిన్ కూడా అడుగుతాయి కాబట్టి అక్కడ పని ఆగవచ్చు. మీ బ్యాంకు ఆ రకమో కాదో పరీక్షించుకోవడం కంటే కార్డు తీసి వేరే చోట పెట్టుకోవడం తేలిక. ఇది చదువుతూనే చేయవచ్చు.

రెండో పని సిమ్ పిన్. ఇది స్క్రీన్ లాక్ కాదు, సిమ్‌కే పెట్టే తాళం. సిమ్‌ని ఏ ఫోన్‌లో వేసినా, ఫోన్ ఆపి ఆన్ చేసినా ముందు ఈ పిన్ అడుగుతుంది. చెప్పకపోతే నెట్‌వర్క్ రాదు.

పెట్టే పద్ధతి ఇది. ముందుగా కంపెనీ యాప్‌లోనో కస్టమర్ కేర్‌ని అడిగో రెండు సంగతులు తెలుసుకోండి: మీ సిమ్‌కి మొదటి నుంచి ఉన్న డిఫాల్ట్ పిన్, ఎనిమిది అంకెల పీయూకే (సిమ్ లాక్ అయితే దాన్ని తెరిచే కోడ్). సిమ్ వచ్చిన ప్లాస్టిక్ కార్డు దాచి ఉంటే పీయూకే దాని మీద ఉండవచ్చు. తర్వాత ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, సెక్యూరిటీ, మోర్ సెక్యూరిటీ సెట్టింగ్స్, సిమ్ లాక్. ఐఫోన్‌లో సెట్టింగ్స్, మొబైల్ డేటా, సిమ్ పిన్. కంపెనీని బట్టి ఈ పేర్లు కొంచెం అటూ ఇటూ ఉంటాయి, సెట్టింగ్స్ పైన వెతికే పెట్టెలో ‘సిమ్’ అని కొడితే దొరుకుతుంది. లాక్ ఆన్ చేయగానే పాత పిన్ అడుగుతుంది. అది డిఫాల్ట్ పిన్. అది ఇచ్చాక ‘చేంజ్ సిమ్ పిన్’ నొక్కి మీ సొంత పిన్ పెట్టండి. నాలుగు నుంచి ఎనిమిది అంకెలు పెట్టవచ్చు. యూపీఐ పిన్‌నే ఇక్కడా పెట్టకండి.

జనం పొరపాటు పడేది సరిగ్గా ఆ పాత పిన్ దగ్గరే. తెలియక ఊహించి కొడతారు. మూడుసార్లు తప్పితే సిమ్ లాక్ అయి పీయూకే అడుగుతుంది. పీయూకే పదిసార్లు తప్పితే ఆ సిమ్ ఇక పనికిరాదు, కొత్తది తెచ్చుకోవాల్సిందే. రెండు సిమ్‌లుంటే రెండింటికీ విడివిడిగా పెట్టాలి.

దీనికి చెల్లించే మూల్యం కూడా తెలిసి ఉండాలి. రాత్రి పూట ఫోన్ అప్‌డేట్ అయి దానంతటదే రీస్టార్ట్ అయితే, పొద్దున మీరు పిన్ కొట్టేదాకా కాల్స్ రావు. ఆసుపత్రి నుంచి కాల్ కోసం ఎదురుచూసే ఇంట్లో ఆటోమేటిక్ అప్‌డేట్ ఆపేయండి. స్క్రీన్ పిన్నే తడబడుతూ కొట్టే పెద్దవాళ్ల ఫోన్‌లో సిమ్ పిన్ పెట్టకపోవడమే మేలు. మూడుసార్లు తప్పు కొట్టి కూర్చుంటే, ఆ సిమ్ తెరవడానికి మీరు ఊరెళ్లాలి. వాళ్లకి కార్డు వేరుగా ఉంచడం, ఖాతాలో తక్కువ డబ్బు ఉంచడం చాలు. పెద్ద మొత్తం ఉన్న పొదుపు ఖాతాకి వేరే నంబర్ ఇచ్చి, ఆ సిమ్‌ని ఇంట్లో బటన్ ఫోన్‌లో ఉంచడం పాతకాలపు పద్ధతిలా కనిపిస్తుంది గానీ బాగా పనిచేస్తుంది. ఆ నంబర్‌కి రీఛార్జ్ తప్పకూడదు, అదే దాని ఖర్చు.

ఇ-సిమ్, అంటే ఫోన్ లోపలే ఉండి బయటికి తీయలేని సిమ్ సంగతి. దొంగ దాన్ని పీకి పారేయలేడు, కాబట్టి ఫోన్ ఆన్‌లో ఉన్నంతసేపు నెట్‌వర్క్‌లో దొరికే అవకాశం ఎక్కువ. వేరే ఫోన్‌లో వేసుకోనూ లేడు. కానీ మీ స్క్రీన్ పగిలి ఫోన్ చచ్చిపోయిన రోజున మామూలు సిమ్ అయితే అర నిమిషంలో ఇంకో ఫోన్‌లోకి మారుతుంది. ఇ-సిమ్‌కి మళ్లీ దరఖాస్తు, నిర్ధారణ, ఒక్కోసారి స్టోర్‌కి వెళ్లడం. ఫోన్ ఎక్కువగా కింద పడేసేవాళ్లకి మామూలు సిమ్, సిమ్ పిన్ కలిపితే సరైన జోడీ. రోజూ రద్దీలో తిరిగేవాళ్లకి ఇ-సిమ్.

చివరగా లాక్ స్క్రీన్ మీద ఓటీపీ కనిపించకుండా చేయండి: సెట్టింగ్స్, నోటిఫికేషన్స్, లాక్ స్క్రీన్‌లో సున్నితమైన వివరాలు దాచే ఎంపిక ఉంటుంది. ప్రతి మెసేజ్‌కీ ఫోన్ అన్‌లాక్ చేయాల్సి రావడం విసుగే. కానీ లాక్ తీయకుండానే ఓటీపీ చదవగలిగితే సిమ్ పిన్ పెట్టిన ప్రయోజనం సగం పోయినట్టే.

ఎస్ఎంఎస్ ఓటీపీ, యాప్ కోడ్, పాస్‌కీ: ఏది ఎక్కడ

ఎస్ఎంఎస్ ఓటీపీని నిపుణులు తిడుతుంటారు. తిట్టడానికి కారణం ఉంది: మీ పేరుతో మోసం చేసి ఎవరైనా డూప్లికేట్ సిమ్ తీసుకుంటే కోడ్‌లు వాళ్లకి పోతాయి, ఫోన్‌లో మాటల్లో పెట్టి మీ చేతే చెప్పించుకోవచ్చు. కానీ దానికున్న ఒక గుణం మిగతావాటికి లేదు. ఫోన్ ముక్కలైనా, కాలిపోయినా, నంబర్ మీ పేరు మీద ఉన్నంతవరకు ఆధార్ తీసుకుని స్టోర్‌కి వెళ్తే తిరిగి వస్తుంది. అందుకే దాన్ని లాగిన్ తాళంగా కాకుండా రికవరీ దారిగా ఉంచుకోవడం మంచిది. బ్యాంకుల దగ్గర మాత్రం మనకి ఎంపిక తక్కువ, వాళ్లు ఇచ్చిందే.

అథెంటికేటర్ యాప్ 30 సెకన్లకోసారి మారే ఆరంకెల కోడ్ ఇస్తుంది. సిగ్నల్ అక్కర్లేదు, కొండ మీదైనా పనిచేస్తుంది. కోడ్ సరిగ్గా కొట్టినా తప్పు అంటుంటే ఫోన్ గడియారం చూడండి. టైమ్ ఆటోమేటిక్‌లో లేకుండా నిమిషం తేడా వచ్చినా కోడ్ చెల్లకపోవచ్చు. అసలు ప్రమాదం మాత్రం ఫోన్‌తో పాటు కోడ్‌లూ పోవడం. గూగుల్ అథెంటికేటర్‌లో 2023 ఏప్రిల్ నుంచి ఖాతాకి సింక్ చేసే వీలు వచ్చింది. దాంతో సగం సమస్య తీరింది, సగం చోటు మారింది: ఇప్పుడు కోడ్‌లన్నీ గూగుల్ ఖాతా లోపల ఉన్నాయి. కాబట్టి గూగుల్ ఖాతా తెరిచే కోడ్‌ని మాత్రం ఒక్క ఆ యాప్‌కే అప్పజెప్పకూడదు.

దీనికి చాలామంది వాడని చిట్కా ఒకటుంది. సెటప్ సమయంలో తెర మీద క్యూఆర్ కోడ్ వచ్చినప్పుడు దాన్ని రెండు ఫోన్లతో స్కాన్ చేయవచ్చు. మీ ఫోన్‌తో ఒకసారి, డ్రాయర్‌లో పడున్న పాత ఫోన్‌తో ఒకసారి. రెండింట్లోనూ ఒకే కోడ్‌లు వస్తాయి. పాత ఫోన్‌కి సిమ్ అక్కర్లేదు, నెట్ అక్కర్లేదు, రెండు నెలలకోసారి ఛార్జింగ్ పెట్టి టైమ్ సరిచూస్తే చాలు. పాత ఫోన్ లేనివాళ్లు క్యూఆర్ కింద ‘స్కాన్ చేయలేకపోతున్నారా’ అని ఉన్నచోట నొక్కితే అక్షరాలు, అంకెలు కలిసిన పొడవాటి తాళం కనిపిస్తుంది. దాన్ని కాగితం మీద రాసుకుంటే ఎప్పుడైనా ఏ ఫోన్‌లోనైనా మళ్లీ పెట్టుకోవచ్చు. ఈ రెండు పనులూ క్యూఆర్ తెర మీద ఉండగానే చేయాలి, తర్వాత చూపించదు. అప్పటికే దాటిపోయి ఉంటే ఆ సైట్‌లో టూ-స్టెప్ (పాస్‌వర్డ్ తర్వాత అడిగే రెండో తాళం) ఆపి మళ్లీ మొదటినుంచి ఆన్ చేయాలి.

పాస్‌కీ పూర్తిగా వేరు రకం. టైప్ చేసేదీ, చెప్పేదీ ఏమీ ఉండదు. వేలిముద్రతోనో స్క్రీన్ పిన్‌తోనో ఫోనే సైట్‌తో మాట్లాడుకుంటుంది. నకిలీ సైట్ ఎంత అచ్చుగుద్దినట్టున్నా అసలు సైట్ పాస్‌కీ అక్కడ పనిచేయదు, కాబట్టి మోసపు లింకుల భయానికి ఇంతకు మించిన మందు లేదు. లోటు ఎక్కడంటే, అది మీ స్క్రీన్ పిన్ ఎంత గట్టిదో అంతే గట్టిది. నాలుగంకెల పిన్‌కి పదివేల రకాలే, ఆరంకెలకి పది లక్షలు. పైగా దొంగలు ఊహించరు, టీ కొట్టు దగ్గర భుజం మీంచి చూస్తారు. స్క్రీన్ పిన్ ఆరంకెలకి పెంచి, బయట ఉన్నప్పుడు వేలిముద్రే వాడండి. ఐఫోన్‌లో ‘స్టోలెన్ డివైస్ ప్రొటెక్షన్’ ఆన్ చేస్తే, మీకు అలవాటైన చోట్లకి దూరంగా ఉన్నప్పుడు యాపిల్ ఖాతా పాస్‌వర్డ్ మార్చడానికి పిన్ తెలిసినా సరిపోదు. ముఖం లేదా వేలిముద్ర కావాలి, గంటసేపు ఆగాలి కూడా. 2024 జనవరిలో ఐఓఎస్ 17.3తో వచ్చిందిది.

ఇక గూగుల్ బ్యాకప్ కోడ్‌లు. ఈ వ్యాసంలో ఒక్క పనే చేస్తామంటే ఇది చేయండి. గూగుల్ ఖాతా, సెక్యూరిటీ, టూ-స్టెప్ వెరిఫికేషన్, బ్యాకప్ కోడ్స్. ఎనిమిదంకెల కోడ్‌లు పది ఇస్తుంది. ఒక్కోటి ఒక్కసారే చెల్లుతుంది. నాలుగేసి అంకెలుగా విడదీసి చేత్తో రాయండి. 1, 7 తేడా తెలిసేలా ఏడుకి నడుమ అడ్డగీత పెట్టండి. స్క్రీన్‌షాట్ తీయకండి, అది గూగుల్ ఫొటోస్‌లోకి, అంటే తాళం వేసిన గదిలోకే వెళ్తుంది. మళ్లీ ‘కొత్త కోడ్‌లు’ నొక్కితే పాత పదీ చెల్లవు. పరీక్షగా నొక్కి చూసి, రాసుకున్న కాగితాన్ని తెలియకుండానే చిత్తు కాగితం చేసుకున్నవాళ్లు ఉన్నారు. ఈ కోడ్ ఒక్కటే దొరికితే ఎవరికీ ఉపయోగం లేదు, పాస్‌వర్డ్ కూడా కావాలి. కాగితం మీద రాసి బీరువాలో పెట్టడానికి అదే ధైర్యం.

పాస్‌వర్డ్‌లు ఎక్కడ పెట్టాలి

ఫోన్‌లో ఉండే గూగుల్ పాస్‌వర్డ్ మేనేజర్ ఉచితం, ఏ తంటా లేదు. దాని తలుపు మీ స్క్రీన్ పిన్నే. పిన్ తెలిసిన ఇంట్లోవాళ్లందరికీ మీ పాస్‌వర్డ్‌లన్నీ తెలిసినట్టే, అది మీకు ఇబ్బంది కాకపోతే సరే. బిట్‌వార్డెన్ లాంటి విడి మేనేజర్ ఉచితంగానే అన్ని పరికరాల్లో పనిచేస్తుంది, దాన్ని తెరిచే మాస్టర్ పాస్‌వర్డ్ వేరుగా ఉంటుంది. అది మర్చిపోతే కంపెనీ కూడా తెరిచి ఇవ్వలేదు. కీపాస్ రకం యాప్‌లలో పాస్‌వర్డ్‌లన్నీ ఒక ఫైల్‌లో మీ దగ్గరే ఉంటాయి. ఎవరి సర్వర్ మీదా నమ్మకం పెట్టక్కర్లేదు గానీ ఆ ఫైల్ కాపీ తీయడం మీ పని. నెలకోసారి కాపీ తీస్తానని నమ్మకం ఉంటేనే అటు వెళ్లండి.

నోటు పుస్తకాన్ని తక్కువ చేయకండి. ఎక్కడో కూర్చున్న దొంగ మీ బీరువాలోని పుస్తకం తెరవలేడు. పది ఖాతాలు మాత్రమే ఉన్న అమ్మానాన్నలకి అదే సరైన మేనేజర్. ఒక షరతు: అన్నిటికీ ఒకే పాస్‌వర్డ్ రాయకూడదు.

విడి మేనేజర్ వాడితే మాస్టర్ పాస్‌వర్డ్ పొడవే మీ రక్షణ. 2022లో లాస్ట్‌పాస్ అనే మేనేజర్ నుంచి తాళం వేసిన వాల్ట్ (పాస్‌వర్డ్‌ల పెట్టె) కాపీలే దొంగల చేతికి చిక్కాయి. అలాంటప్పుడు పొట్టి పాస్‌వర్డ్‌లని కంప్యూటర్ ఓపిగ్గా కొట్టి చూస్తుంది, పొడవైనవి దాని వల్ల కాదు. పొడవుగా, గుర్తుండేలా పెట్టాలంటే తెలుగు మాటలు భలే పనికొస్తాయి. ఏదైనా పుస్తకం కళ్లు మూసుకుని తెరిచి వేలు పెట్టిన చోట ఉన్న మాట తీసుకోండి. ఐదుసార్లు. నచ్చని మాట వచ్చిందని మార్చుకుంటూ పోతే అది చిట్టీ తీసినట్టు కాదు, మీరు ఎంచుకున్నట్టు. సామెత, పాట పల్లవి, దేవుడి పేరు పనికిరావు, అవి అందరికీ తెలిసినవే.

ఇక్కడొక తెలుగువాళ్ల చిక్కు ఉంది. ఆ మాటలు ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టాలి, ఎందుకంటే ఇంకొకరి ల్యాప్‌టాప్‌లో తెలుగు కీబోర్డ్ ఉండదు. ‘వంకాయ తోట’ అని పెట్టారనుకోండి. ‘వ’కి వీ కొట్టారా డబ్ల్యూనా? ‘కా’ దీర్ఘానికి ఏ ఒకటా రెండా? ‘తో’లో టీ పక్కన హెచ్ ఉందా? ‘ట’కి టీ ఒకటా రెండా? ఫోన్ అలవాటుగా నింపేస్తున్నంత కాలం ఈ ప్రశ్న రాదు. ఆర్నెల్ల తర్వాత కొత్త యంత్రం ముందు కూర్చున్నప్పుడు ఒక్కో మాట మూడు రకాలుగా గుర్తొస్తుంది, ఐదు మాటలకి రెండొందల పైచిలుకు రకాలవుతాయి. ఒకే నియమం పెట్టుకోండి: దీర్ఘానికి ఎప్పుడూ ఒకే అక్షరం, ‘వ’కి ఎప్పుడూ వీ, ‘త’కి ఎప్పుడూ హెచ్ తో, ‘ట’కి హెచ్ లేకుండా. మాటల నడుమ అడ్డగీత. కాగితం మీద తెలుగులో కాకుండా కొట్టిన అక్షరాలే రాసుకోండి.

వాట్సాప్, క్లుప్తంగా

టూ-స్టెప్ వెరిఫికేషన్‌లో ఆరంకెల పిన్ పెట్టి, దానికి ఈమెయిల్ జోడించండి. ఈమెయిల్ లేకుండా పిన్ మర్చిపోతే ఏడు రోజులు ఆగాలి. బ్యాకప్‌ని ఎన్‌క్రిప్ట్ చేసే, అంటే దానికి తాళం వేసే ఎంపికలో 64 అంకెల తాళం ఎంచుకుంటే, అది పోయాక చాట్‌లు ఎవరూ తిరిగి ఇవ్వలేరు. చాట్‌లు ఎవరో చదువుతారన్న భయం కంటే మనవడి ఫొటోలు పోతాయన్న భయమే మీకు ఎక్కువైతే ఆ ఎంపిక వదిలేయండి. ఆండ్రాయిడ్ బ్యాకప్ ఇప్పుడు గూగుల్ ఉచిత 15 జీబీలోనే లెక్క. అది నిండితే బ్యాకప్ ఆగిపోతుంది, జీమెయిల్‌కి మెయిళ్లు రావడం కూడా ఆగుతుంది. చివరి బ్యాకప్ తేదీ ఎప్పటిదో ఒకసారి చూడండి.

కాగితం మీద ఏముండాలి

బ్యాకప్ కోడ్‌లు. సిమ్ పిన్, పీయూకే. ఫోన్ ఐఎంఈఐ (ఫోన్‌ని గుర్తుపట్టే) నంబర్‌లు: *#06# కొడితే పదిహేను అంకెలవి వస్తాయి, రెండు సిమ్‌ల ఫోన్‌కి రెండు. బ్యాంకు కార్డు బ్లాక్ చేసే నంబర్. సిమ్ కంపెనీ కస్టమర్ కేర్ పూర్తి నంబర్, ఎందుకంటే 198 లాంటి పొట్టి నంబర్ పక్కవాళ్ల వేరే కంపెనీ సిమ్ నుంచి కొడితే మీ కంపెనీకి పోదు. ఇంట్లోవాళ్లవి రెండు నంబర్‌లు, ఈ రోజుల్లో భార్య నంబర్ కూడా నోటికి రానివాళ్లే ఎక్కువ.

రెండు కాపీలు రాయండి. ఒకటి బీరువాలో పొలం కాగితాల పక్కన, ఇంకోటి వేరే ఇంట్లో, అన్నయ్య దగ్గరో అత్తగారింట్లోనో. జీమెయిల్ పాస్‌వర్డ్, మాస్టర్ పాస్‌వర్డ్ ఈ కాగితం మీద ఉండకూడదు. వాటిని మరో చీటీ మీద రాసి మరో చోట పెట్టండి. మీకు ఏదైనా జరిగితే ఇంట్లోవాళ్లకి రెండూ కావాలి కాబట్టి, రెండు చోట్లూ తెలిసిన మనిషి ఒకరుండాలి.

ఒకసారి ఆడి చూడండి

ఆదివారం ఫోన్ స్విచాఫ్ చేసి అలమరలో పెట్టండి. ఇంట్లోవాళ్ల ల్యాప్‌టాప్‌లో ఇన్‌కాగ్నిటో (పాత లాగిన్‌లు గుర్తుండని) కిటికీ తెరిచి జీమెయిల్‌లోకి వెళ్లడానికి ప్రయత్నించండి. పాస్‌వర్డ్ కొట్టాక ఫోన్ అడిగితే ‘వేరే దారి ప్రయత్నించు’ నొక్కి బ్యాకప్ కోడ్ ఇవ్వండి. వాడిన కోడ్‌ని కాగితం మీద కొట్టేయండి. ఇంటి వైఫై మీదే చేయండి, కొత్త ఊరు, కొత్త యంత్రం రెండూ కలిస్తే గూగుల్ అనుమానం పెరుగుతుంది. లోపలికి వెళ్లాక పోయిన ఫోన్ వెతికే గూగుల్ ఫైండ్ హబ్ తెరిచి మీ ఫోన్ జాబితాలో ఉందో చూసి లాగౌట్ చేయండి.

ఎక్కువమంది మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతారు: పాస్‌వర్డే గుర్తుండదు. ఏళ్ల తరబడి ఫోనే నింపుతోంది మరి. ఇప్పుడు తెలిసింది కాబట్టి ఫోన్ ఆన్ చేసి మార్చుకోవచ్చు. ఫోన్ మార్చినా, నంబర్ మార్చినా ఈ ఆట మళ్లీ ఆడాలి.

అదే రోజు ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, గూగుల్, థెఫ్ట్ ప్రొటెక్షన్‌లోకి వెళ్లి ‘రిమోట్ లాక్’ ఆన్ చేయండి. ఆండ్రాయిడ్ 10, ఆ పైన ఉన్న ఫోన్‌లలో ఉంటుంది. ఇది ఆన్‌లో ఉంటే ఎవరి ఫోన్ నుంచైనా ఆండ్రాయిడ్ డాట్ కామ్ స్లాష్ లాక్ పేజీలో మీ నంబర్ ఇచ్చి, గూగుల్ పాస్‌వర్డ్ లేకుండానే ఫోన్‌కి తాళం వేయవచ్చు.

పోయిన రోజు ఏది ముందు

మొదట ఫోన్‌కి తాళం, ఆ వెంటనే సిమ్ బ్లాక్. ఈ వరస తిప్పకండి. సిమ్ ముందు ఆపితే ఫోన్‌కి నెట్ పోతుంది, లాక్ ఆదేశం దానికి చేరదు. అయితే లాక్ కోసం పది నిమిషాలకి మించి కుస్తీ పట్టకండి. ఆలోగా కుదరకపోతే సిమ్ ఆపేయడమే మంచిది. ఫోన్‌లో ఉన్నదంతా చెరిపే ‘ఎరేజ్’ మాత్రం వెంటనే నొక్కకండి, ఆండ్రాయిడ్‌లో ఎరేజ్ అయ్యాక ఆ ఫోన్ ఎక్కడుందో ఇక చూపించదు.

తర్వాత బ్యాంకుకి కాల్. కార్డు, యూపీఐ, నెట్ బ్యాంకింగ్ మూడూ ఆపమని విడివిడిగా చెప్పండి, ‘కార్డు బ్లాక్’ అంటే కార్డే ఆపి ఊరుకుంటారు. ఫిర్యాదు నంబర్, సమయం రాసుకోండి. 2017 జులై 6 నాటి రిజర్వ్ బ్యాంక్ ఆదేశం ప్రకారం, మీరు సమాచారం ఇచ్చాక జరిగిన నష్టం బ్యాంకుదే. ఆ నిమిషం ఎప్పుడో నిరూపించేది ఆ నంబరే. డబ్బు అప్పటికే పోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే కాల్ చేయండి. డబ్బు ఖాతాలు మారేలోపు ఆపాలంటే గంటలు కూడా లెక్కే.

ఆపైన పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు, డూప్లికేట్ సిమ్. ఆ సిమ్‌కి 24 గంటలు ఎస్ఎంఎస్‌లు రావు, పోవు. అంటే ఆ రోజు యూపీఐ తిరిగి పెట్టుకోవడం కుదరదు, చేతిలో రెండు వేలైనా నగదు ఉండాలి. కాల్స్ వస్తాయి కాబట్టి వాట్సాప్‌లో ‘నాకు కాల్ చేయి’ ఎంచుకుని కోడ్ తెచ్చుకోవచ్చు. మరుసటి రోజు ఫిర్యాదు కాపీ, ఐఎంఈఐతో ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్‌లోని సీఈఐఆర్‌లో (పోయిన ఫోన్‌లని ఆపే విభాగం) ఫోన్ బ్లాక్ చేయించండి. దొరికాక అక్కడే అన్‌బ్లాక్ చేయించుకోవచ్చు.

వారం తర్వాత “మీ ఫోన్ దొరికింది, ఎక్కడుందో చూడండి” అంటూ లింకు రావచ్చు. అందులో యాపిల్ పాస్‌వర్డో స్క్రీన్ పిన్నో అడిగితే అది పంపింది దొంగే. తాళం తీయకుండా ఫోన్‌కి రేటు రాదు, ఆ తాళం కోసమే మీ దగ్గరికి వచ్చాడు.

డల్లాస్‌లోనో దుబాయ్‌లోనో ఉంటే

ఇండియా సిమ్ పోతే అక్కడ డూప్లికేట్ ఇచ్చే స్టోర్ ఉండదు, కాబట్టి పైన చెప్పిన ఎస్ఎంఎస్ రికవరీ దారి మీకు దాదాపు లేనట్టే. బ్యాకప్ కోడ్‌లు, పాస్‌కీ మీకు రెట్టింపు అవసరం. ప్రీపెయిడ్ నంబర్ 90 రోజులు వాడకుండా వదిలితే పోవచ్చు, ఓటీపీ రావడం వాడకం కింద లెక్కకి రాదు. రీఛార్జ్‌కి ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి. అమెరికా, యూకే, కెనడా, ఆస్ట్రేలియా, సింగపూర్, హాంకాంగ్, యూఏఈ, సౌదీ, ఖతార్, ఒమన్ నంబర్‌లతో ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ (ప్రవాస భారతీయుల) ఖాతాలకి యూపీఐ పెట్టుకునే వీలు 2023లో ఇచ్చారు. మీ బ్యాంకు ఇస్తుందేమో అడగండి, ఇస్తే ఆ ఒక్క పనికైనా ఇండియా సిమ్ మీద ఆధారపడక్కర్లేదు. సెలవులకి ఊరొచ్చినప్పుడు చేయాల్సిన పనుల్లో సిమ్ పిన్ పెట్టడం, బ్యాంకు రికార్డుల్లో నంబర్, ఈమెయిల్ సరిచూడటం, కాగితం రెండో కాపీని ఇంట్లో ఇచ్చి రావడం రాసుకోండి. తిరుగు ప్రయాణం ముందు రోజుకి పెట్టుకోవద్దు, కొత్త సిమ్ తీసుకోవాల్సి వస్తే ఆ 24 గంటలు విమానంలోనే గడిచిపోతాయి.